లాంకాస్టర్‌లో పిల్లల దగ్గరకి వెళ్తున్న వైజాగ్ అమ్మానాన్నలకి: ఆమిష్ వాళ్ళ పక్కన ఎలా మెలగాలి

మా అమ్మాయి వాళ్ళు ఉండేది పెన్సిల్వేనియాలో లాంకాస్టర్ కౌంటీ. నేనూ మావారూ ఇప్పటికి మూడుసార్లు వెళ్ళొచ్చాం, వెళ్ళినప్పుడల్లా ఐదారు నెలలు ఉన్నాం, వాళ్ళ వీధి చివర కంచె దాటితే ఆమిష్ వాళ్ళ పొలమే. ఎంవీపీ కాలనీలో పొద్దున్నే నాతో నడిచే వాళ్ళలో ఇద్దరు ఈ ఏప్రిల్‌లో అటు వెళ్తున్నారు, ఒకరు లాంకాస్టర్ దగ్గరకే, ఇంకొకరు ఒహాయోలో హోమ్స్ కౌంటీ పక్కకి. రోజూ ఏదో ఒకటి అడుగుతున్నారు, వాళ్ళు మనతో మాట్లాడతారా, వాళ్ళ దగ్గర కొనుక్కోవచ్చా, ఫోటోలు తీసుకోవచ్చా, పాపం కరెంట్ కూడా లేదంట కదా అని. అందుకే నాకు తెలిసిందంతా ఒకచోట రాసేస్తున్నా, కాస్త పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

ముందు వాళ్ళెవరో చెప్పేస్తా. మా పిన్నిగారు పేరు వినగానే ఆమిషం అంటే మాంసం కదమ్మా అన్నారు, దానికీ దీనికీ సంబంధం లేదు. జేకబ్ అమ్మాన్ అనే క్రైస్తవ పెద్ద 1693లో స్విట్జర్లాండ్, అల్సాస్ వైపు మెన్నొనైట్లు అనే క్రైస్తవ శాఖ నుంచి విడిపోయాడు, ఆయన వెంట నడిచిన వాళ్ళే ఆమిష్. పసిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వకూడదు, వయసొచ్చాక తెలిసి తీసుకోవాలి అన్నది ఆ వర్గాల నమ్మకం, ఆ నమ్మకానికే అప్పటి ప్రభుత్వాలు వాళ్ళ పూర్వీకుల్ని జైళ్ళలో పెట్టాయి, చంపాయి కూడా. 1700ల్లో ఓడలెక్కి పెన్సిల్వేనియాకి వచ్చేశారు. ఇప్పుడు సుమారు 4 లక్షల మంది ఉన్నారు, దాదాపు ఇరవై ఏళ్ళకోసారి రెట్టింపు అవుతున్నారు, కాబట్టి అంతరించిపోతున్న జనం అనుకుని జాలి పడక్కర్లేదు. ఇంట్లో మాట్లాడేది పెన్సిల్వేనియా డచ్, అది జర్మన్‌లో ఒక యాస. బైబిలూ పాటలూ పాత జర్మన్‌లో, బడిలో ఇంగ్లీషు. మనతో శుభ్రంగా ఇంగ్లీషులో మాట్లాడతారు. ఇంకో సంగతి, ఆమిష్ కాని వాళ్ళందర్నీ వాళ్ళు 'ఇంగ్లీష్' అంటారు, చీర కట్టుకుని వెళ్ళినా మనం కూడా ఇంగ్లీషువాళ్ళమే, వింటే కంగారు పడకండి.

ఇంక అన్నిటికంటే ముఖ్యమైనది, ఫోటో. మేం మొదటిసారి వెళ్ళిన రెండో వారంలో రోడ్డు పక్క స్ట్రాబెర్రీల బల్ల దగ్గర కారు ఆపాం. ఎనిమిదేళ్ళ పిల్ల, కాళ్ళకి చెప్పుల్లేవు, నీలం గౌను, నెత్తి మీద చిన్న టోపీ, ఒక్కత్తే నిలబడి అమ్ముతోంది. మావారు ముచ్చటపడి ఫోన్ పైకెత్తారు అంతే, ఆ పిల్ల ఏడవలేదు, వద్దనలేదు, మెల్లగా ఇంటివైపు తిరిగి మాకు వీపు పెట్టి నిలబడిపోయింది. ఫోన్ జేబులో పెట్టేదాకా అలాగే ఉంది. లోపల్నించి తల్లి వచ్చి పళ్ళ బుట్ట చేతికిచ్చి డబ్బులు తీసుకుని ఏం మాట్లాడకుండా లోపలికెళ్ళిపోయింది. ఆ చిన్న వీపు, దాని మీద గుండీలు కూడా లేకుండా సూదిపిన్నులతో బిగించిన గుడ్డ, నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది.

ఆ రాత్రి నాకు అరకు గుర్తొచ్చింది. చాలా ఏళ్ళ కిందట కిరండూల్ పాసింజర్లో వెళ్ళి సంతలో దిగాం, ముక్కుకి మూడు ముక్కుపుడకలున్న ఒక ముసలమ్మ అల్లం రాశి పోసుకుని కూర్చుంది, మా గుంపులో నలుగురం చుట్టూ చేరి ఫోటోలు తీశాం, ఆవిడ కొంగు మొహం మీదకి లాక్కుంది. ఆరోజు నాకేమీ అనిపించలేదు, అది నిజంగా నా తప్పు. మొహం చూపించను అని ఇద్దరూ నోరు విప్పకుండానే చెప్పారు, ఒకటి వినడానికి నాకు రెండోది కావాల్సొచ్చింది.

ఆమిష్ వాళ్ళకి దీని వెనక మతపరమైన కారణం ఉంది. విగ్రహం, రూపం చేసుకోకూడదు అన్న బైబిల్ ఆజ్ఞ ఒకటి, నిలబడి పోజివ్వడం అంటే నేను గొప్ప అని చూపించుకోవడం అన్నది రెండోది, వాళ్ళకి గర్వం పెద్ద పాపం. అందుకే వాళ్ళ పిల్లల బొమ్మలకి చాలాచోట్ల కళ్ళూ ముక్కూ కూడా కుట్టరు. పొలాలూ, గాదెలూ, బట్టలారేసిన తీగలూ దూరం నుంచి తీసుకుంటే ఎవరూ ఏమీ అనరు, మనుషుల మొహాలు మాత్రం తీయకండి. వెనకనుంచి తీస్తాం, కార్లోంచి తీస్తాం, వాళ్ళకి తెలీదు కదా అనే తెలివి కూడా వద్దు, తెలుస్తుంది. ఆ బల్ల దగ్గరకి వెళ్ళేటప్పుడు నేను ఫోన్ కార్లోనే వదిలేసి వెళ్ళడం మొదలుపెట్టాను, నాలుగోసారికి ఆ తల్లి తనంతట తనే మాట కలిపింది.

రోడ్డు సంగతి పిల్లలకి కూడా చెప్పండి, కొత్తగా డ్రైవింగ్ నేర్చుకున్న కోడళ్ళకి మరీను. వాళ్ళ గుర్రబ్బండిని బగ్గీ అంటారు, మన పాత జట్కా లాంటిదే గానీ పెట్టెలా మూసి ఉంటుంది. మనిషి పరిగెత్తే వేగం కంటే పెద్ద ఎక్కువుండదు. వెనక నారింజ రంగు మూడు మూలల గుర్తు ఉంటుంది, రాత్రయితే బ్యాటరీ లైట్లు. గుట్ట ఎక్కి దిగేచోట కారు స్పీడుగా వస్తే బండి ఒక్కసారిగా ఎదురుగా కనబడుతుంది, యాక్సిడెంట్లు ఎక్కువ అలాంటి చోటే. వెనక చాలా దూరం వదలండి, ఎదురుగా మొత్తం ఖాళీ కనబడితేనే దాటండి, దాటాక వెంటనే ముందుకి కోసుకు రాకండి. హారన్ మాత్రం అస్సలు కొట్టొద్దు, జగదాంబ జంక్షన్లో మనకి హారన్ అంటే నేనొస్తున్నా అని చెప్పడం, అక్కడ గుర్రం బెదిరి బండి గోతిలో పడొచ్చు, లోపల పసిపిల్లలుంటారు. చాలా గుర్రాలు పందేల నుంచి రిటైరయ్యి వచ్చినవి, పరుగు రక్తంలో ఉంటుంది.

లాంకాస్టర్లో బూడిద రంగు బండి అయితే ఆమిష్, నల్ల బండి అయితే ఎక్కువగా పాత పద్ధతి మెన్నొనైట్లు. సైకిల్ తొక్కేది మెన్నొనైట్లు, ఆమిష్ పిల్లలు కాలితో తోసుకునే స్కూటర్ మీద వెళ్తారు. ఒహాయో వెళ్ళే మా స్నేహితురాలికి ఇది పనికిరాదు, అక్కడ ఆమిష్ బళ్ళే నలుపు. ఊరూరికీ, సంఘం సంఘానికీ పద్ధతి మారిపోతుంది, కాబట్టి ఒకచోట చూసింది పట్టుకుని ఆమిష్ అంటే ఇంతే అనకండి.

సాయంత్రం బీచ్ రోడ్డులో నడిచినట్టు నడవాలనిపిస్తుంది, నడవండి, ఎదురొచ్చే బళ్ళు కనబడేలా రోడ్డుకి ఎడమ పక్క నడవాలి అక్కడ. బండి మీద వెళ్ళేవాళ్ళు ఒక చెయ్యి కొంచెం లేపి పలకరిస్తారు, మనమూ లేపితే చాలు. ఏప్రిల్‌లో పొలాలకి పేడ నీళ్ళు కొడతారు, ఆ నాలుగు రోజులు కిటికీలు మూసుకోవడమే, మా అల్లుడు ఇప్పటికీ అలవాటు పడలేదు గానీ పల్లెటూళ్ళో పుట్టిన మనకి అదేం పెద్ద విషయం కాదు.

కొనుక్కోవడం నాకు అన్నిటికంటే ఇష్టమైన పని. లాంకాస్టర్ టౌన్లో సెంట్రల్ మార్కెట్ ఉంది, 1889లో కట్టిన ఎర్ర ఇటుక భవనం, మంగళ, శుక్ర, శనివారాల్లోనే ఉంటుంది. కానీ నేను రోడ్డు పక్క బల్లల దగ్గరే కొంటాను, మన రైతుబజార్లో పొద్దున్నే కోసి తెచ్చిన కూర ఎలా ఉంటుందో అలా ఉంటుంది. చాలాచోట్ల మనిషి ఉండడు, ధర రాసిన అట్టముక్క, ఒక డబ్బా. చిల్లర నోట్లు తీసుకెళ్ళండి, కార్డులు పని చెయ్యవు, బేరం ఆడకూడదు, ఆదివారం ఎవరూ అమ్మరు. డబ్బాలో సరిగ్గా వేసి రండి, మనం ఒకళ్ళం తక్కువ వేస్తే ఆ మచ్చ మన తర్వాత వచ్చే తెలుగువాళ్ళందరికీ అంటుకుంటుంది.

ఏప్రిల్, మే నెలల్లో రూబార్బ్ అని ఎర్ర కాడలు వస్తాయి, పుల్లగా ఉంటాయి, గోంగూర దొరకని చోట దాంతో పప్పూ పచ్చడీ బ్రహ్మాండంగా కుదురుతాయి. జాగ్రత్త, కాడే తినాలి, ఆకు విషం. మనకి గోంగూర అలవాటు కాబట్టి ఆకే పప్పులో వేసేస్తాం, ఆ పని మాత్రం చెయ్యకండి. షూఫ్లై పై అని మొలాసిస్‌తో చేసే తీపి ఉంటుంది, ఓవెన్లోంచి తీసినప్పుడు వచ్చే వాసన అచ్చం అనకాపల్లిలో బెల్లం పాకం వాసనే. శాకాహారులు మాత్రం అడిగి కొనండి, ఆ పైల అడుగు పిండిలో చాలామంది పంది కొవ్వు కలుపుతారు, అడిగితే దాచకుండా చెప్తారు. చౌచౌ అని కూరముక్కలు ఆవపిండీ పంచదారా వెనిగర్‌తో పెట్టిన పచ్చడి, ఆవ ఘాటు తెలిసిన నాలికకి బానే ఉంటుంది, పెరుగన్నంలో నంజుకుంటే ఇంకా బాగుంటుంది.

ఇప్పుడు కరెంట్ విషయానికొస్తా, ఎందుకంటే మనవాళ్ళందరూ ముందు ఇదే అడుగుతారు, అడిగిన వెంటనే పాపం అంటారు. కరెంట్ అంటే వాళ్ళకి భయమూ కాదు, పాపమూ కాదు. 1919 ప్రాంతంలో లాంకాస్టర్ ఆమిష్ పెద్దలు వీధి తీగల నుంచి ఇంట్లోకి లైను తెచ్చుకోకూడదు అనుకున్నారు, ఆ తీగ పట్టుకుని బయటి లోకమంతా ఇంట్లోకి వచ్చేస్తుందని. టీవీ ఇంకా పుట్టలేదు, ఫోన్లో రీల్స్ సంగతి సరేసరి, అయినా ఆ తీగ వెంట ఏమొస్తుందో వాళ్ళు ముందే ఆలోచించారు చూడండి. తీగ వద్దన్నారు గానీ పని మానలేదు. డీజిల్ ఇంజిన్‌తో గాలి ఒత్తిడి పెంచి దాంతో వడ్రంగి యంత్రాలు తిప్పుతారు, ప్రొపేన్ గ్యాస్‌తో ఫ్రిజ్ నడుస్తుంది, బ్యాటరీలూ సోలార్ పలకలూ కూడా చాలా ఇళ్ళలో చూశాను. ఫోన్ ఇంట్లో ఉండదు, పొలం గట్టు చివర చిన్న గదిలాంటి పెట్టెలో ఉంటుంది, కావలిస్తే నడిచెళ్ళి చేసుకోవాలి, భోజనాల దగ్గర మోగదు. కారు సొంతంగా ఉండకూడదు, కానీ దూరం వెళ్ళాలంటే డబ్బులిచ్చి వేరేవాళ్ళ వ్యానులో వెళ్తారు. ఇదేం న్యాయం, రెండు నాల్కలు కదా అని మావారు కూడా మొదట్లో అన్నారు. కారు సొంతమైతే ఎవరికి వాళ్ళు దూరంగా ఇళ్ళు కట్టుకుని చెదిరిపోతారు, అదీ వాళ్ళ లెక్క. వస్తువుని కాదు, అది ఇంటినీ ఊరినీ ఏం చేస్తుందో దాన్ని చూస్తారు.

హుద్‌హుద్ మీకు గుర్తుండే ఉంటుంది, 2014 అక్టోబర్ 12, ఆదివారం. తర్వాత రోజుల తరబడి కరెంట్ లేదు, మోటార్లు లేవు, మా అపార్ట్‌మెంట్లో ఆరో అంతస్తు వాళ్ళకి కింద వాళ్ళు నీళ్ళు మోశారు, అందరం చీకట్లో మెట్ల మీద కూర్చుని మాట్లాడుకున్నాం, పదేళ్ళుగా పక్కనే ఉన్నవాళ్ళ పిల్లల పేర్లు ఆ వారంలో తెలిశాయి. కరెంట్ వచ్చింది, తలుపులు మూసుకున్నాం. నేను ఇది ఆ తల్లికి చెప్తే చాలాసేపు ఆలోచించి 'మీకు గాలి నేర్పింది, మాకు రూలు నేర్పుతుంది' అంది. కరెంట్ మానేయమని నేను చెప్పట్లేదు, నాకు ఇన్వర్టర్ లేకపోతే నడవదు, పాపం అనకండి అని మాత్రమే చెప్తున్నా.

ఆ రూల్ని ఆర్డ్‌నుంగ్ అంటారు. పాతిక ముప్ఫై కుటుంబాలు ఒక సంఘం, ఏడాదికి రెండుసార్లు కూర్చుని ఏది ఉండాలి, ఏది వద్దు అని తేల్చుకుంటారు. వాళ్ళకి చర్చి భవనం లేదు, రెండు వారాలకోసారి ఒకరింట్లో ప్రార్థన, మనూళ్ళలో భజన ఇంటింటికీ తిరిగినట్టు. బల్లలు మోసుకెళ్ళే బండి ఒకటి ఉంటుంది, శనివారం అది ఏ ఇంటి ముందుంటే ఆదివారం ఆ ఇంట్లో అన్నమాట. మూడు గంటలు వీపుకి ఆనుకోడానికి లేని బల్లల మీద కూర్చుంటారు. పాదిరిని ఎంచుకునే పద్ధతి నాకు భలే నచ్చింది, సంఘం చెప్పిన పేర్ల వాళ్ళ ముందు పాటల పుస్తకాలు పెడతారు, ఒక దాంట్లో చీటీ ఉంటుంది, అది ఎవరికి వస్తే వాళ్ళే, జీతం లేదు, జీవితాంతం చెయ్యాలి. పదవి కోసం పోటీ లేదు. ఆదివారం వాకిట్లో బళ్ళు వరసగా ఆగి ఉంటే ఆ ఇంటికి వెళ్ళకండి, గేటు దగ్గర నిలబడి చూడకండి.

పెళ్ళిళ్ళు ఎక్కువగా నవంబర్లో, పంటలు ఇంటికొచ్చాక, మంగళవారం గానీ గురువారం గానీ. మనం మంగళవారం పెళ్ళా అని ముక్కున వేలేసుకుంటాం. ఏ ఇంటి పెరట్లో సెలెరీ కాడలు మడులు మడులుగా వేశారో ఆ ఇంట్లో ఆడపిల్ల పెళ్ళి ఉందని ఊరంతా అనుకుంటారట, విందులో ఆ కూర తప్పనిసరి.

అలాగని స్వర్గం అని కూడా అనుకోకండి, మనలో కొందరు వెళ్ళొచ్చి అలా పొగిడేస్తుంటారు, అది కూడా సరిగ్గా చూడకపోవడమే. పిల్లల చదువు ఎనిమిదో తరగతితో సరి, ఒకే గది బడి. 1972లో అమెరికా సుప్రీంకోర్టు విస్కాన్సిన్ కేసులో వాళ్ళకి ఆ హక్కు ఇచ్చింది. ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పిన నాకు ఇది మింగుడు పడదు, ఎప్పటికీ పడదు, లెక్కల్లో చురుకైన పిల్లని పద్నాలుగేళ్ళకి బడి మానిపిస్తే నా ప్రాణం ఉసూరుమంటుంది. పదహారేళ్ళకి రుమ్‌స్ప్రింగా అని పిల్లలు తోటివాళ్ళతో తిరిగే వయసు మొదలవుతుంది, ఆ తర్వాత బాప్తిస్మం తీసుకుని సంఘంలో చేరాలా వద్దా అన్నది వాళ్ళ ఇష్టం, ఎక్కువమంది చేరతారు. చేరకుండా వెళ్ళిపోతే వెలి లేదు, చేరి మాట తప్పితే వెలి ఉంది, సొంత అమ్మతో ఒకే బల్ల మీద అన్నం తినడం కూడా కుదరకపోవచ్చు. ఇది కఠినం అని నాకు అనిపిస్తుంది. అయినా ఆ మాట వాళ్ళ వాకిట్లో నిలబడి అనడానికి నేనెవర్ని అని కూడా అనిపిస్తుంది, మన ఇళ్ళల్లో కులం దాటి పెళ్ళి చేసుకున్న పిల్లల్ని మనం ఎలా చూస్తున్నామో నాకు తెలుసు.

ఇంకో రెండు అపోహలు. పన్నులు కట్టరు అంటారు, తప్పు, ఆదాయపు పన్నూ ఆస్తి పన్నూ కడతారు, తమ పిల్లలు వెళ్ళని ప్రభుత్వ బళ్ళకి కూడా కడతారు, 1965లో వాళ్ళకి వచ్చిన మినహాయింపు సోషల్ సెక్యూరిటీకి, అది కూడా సొంతంగా పని చేసుకునేవాళ్ళకి. ముసలాళ్ళని పెద్దింటికి ఆనించి కట్టిన చిన్నింట్లో పెట్టుకుని వాళ్ళే చూసుకుంటారు. రెండోది, మేనరికాలు చేసుకుంటారా అని మనవాళ్ళు గుసగుసగా అడుగుతారు. సొంత బావా మరదళ్ళ వరస పెళ్ళి వాళ్ళలో ఉండదు, కానీ కొన్ని కుటుంబాల నుంచే ఇంతమంది అయ్యారు కాబట్టి కొన్ని జన్యు జబ్బులు ఎక్కువ, దానికోసమే 1989లో లాంకాస్టర్ కౌంటీలో ప్రత్యేకంగా పిల్లల క్లినిక్ ఒకటి పెట్టారు. డాక్టర్ దగ్గరకి వెళ్తారు, ఆపరేషన్లు చేయించుకుంటారు, బిల్లు పెద్దదైతే సంఘం పంచుకుంటుంది.

లాంకాస్టర్ కౌంటీలోనే నికెల్ మైన్స్ అనే ఊరుంది, దాని గురించి మీ అంతట మీరు ఎత్తకండి. 2006 అక్టోబర్ 2న అక్కడ ఒంటిగది బళ్ళోకి ఒకడు తుపాకీతో వెళ్ళి పదిమంది ఆడపిల్లల్ని కాల్చాడు, ఐదుగురు చనిపోయారు, వాడూ కాల్చుకున్నాడు. ఆ సాయంత్రమే ఆమిష్ వాళ్ళు వాడి భార్యని ఓదార్చడానికి వెళ్ళారు, వాడి అంత్యక్రియలకి కూడా వెళ్ళారు. బడి కూల్చేశారు, ఇప్పుడక్కడ ఖాళీ నేల. మా అమ్మాయి కారులో అటు వెళ్తూ ఇదే అమ్మా అంది, నేను కారు దిగలేదు, దిగి చూడాల్సిన చోటు కాదది.

మాట కలిసాక ఏం మాట్లాడాలి అంటే, పంటలు, వాన, పిల్లలు, పచ్చళ్ళు, మనకి మాటలకి కొదవా. మీ దేవుడు, మీ రూల్సు, మీరెందుకిలా అని మొదలుపెట్టొద్దు. ఆ తల్లి నన్ను మీ ఊరికి సముద్రం ఎంత దూరం అని అడిగింది, పది నిమిషాలు అన్నాను, తను ఒక చలికాలం బస్సులో ఫ్లోరిడాలో పైన్‌క్రాఫ్ట్ అనే చోటుకి వెళ్ళి సముద్రంలో నిలబడ్డానని చెప్పింది, అక్కడికి చాలామంది ఆమిష్ వాళ్ళు వెళ్తారట. ఎక్కడికీ కదలరేమో అనుకున్నా నేను.

ఏమైనా తీసుకెళ్ళాలనిపిస్తే మెరుపులవీ, బ్యాటరీలవీ, దేవుడి బొమ్మలవీ వద్దు. మూడోసారి నేను ఏటికొప్పాక బొంగరాలు నాలుగు తీసుకెళ్ళాను, ముందు తల్లిని అడిగి పిల్లల చేతికిచ్చాను. అరుగు మీద సిమెంటు నున్నగా ఉంది, స్ట్రాబెర్రీలు అమ్మిన పిల్ల ఇప్పుడు పొడుగైంది, వేళ్ళతో తిప్పి వదిలింది, తమ్ముళ్ళిద్దరూ బోర్లా పడుకుని గడ్డం నేలకానించి చూస్తున్నారు, పసుపూ ఎరుపూ కలిసిపోయి ఒకటే రంగయ్యేదాకా. తల్లి ఒకటి చేతిలోకి తీసుకుని గోటితో గీకి చూసి రంగు దేంతో వేస్తారు అని అడిగింది, లక్కలో పసుపూ, జాఫ్రా గింజలూ, నీలిమందూ కలుపుతారు, కర్ర అంకుడు అని చెప్పాను, వాళ్ళాయన వడ్రంగి, పిలిచి చూపించింది.

వచ్చే ముందు రోజు ఆవిడ చౌచౌ సీసా ఒకటి ఇచ్చింది. ఆ గాజు సీసాలు వాళ్ళు ఏళ్ళ తరబడి వాడుకుంటారు, మీకు ఎవరైనా ఇస్తే కడిగి తిరిగిచ్చేయండి. నాది అలాగే ఉండిపోయింది, వంటింట్లో చింతపండు డబ్బా పక్కన. ఏప్రిల్‌లో లాంకాస్టర్ వెళ్ళే వదినగారూ, మీ పెట్టెలో కాస్త చోటుంచండి, ఖాళీ సీసా ఇవ్వకూడదు కదా, వేయించిన పలాస జీడిపప్పు పోసి ఇస్తాను, ఆ బల్ల దగ్గర ఇచ్చేద్దురుగాని.